ర్యాంకుల లిస్టులో మనది ఏ గడి?



పోస్టు పెద్దదే, కాస్త ఓపిగ్గా చదవండి. ఇంటర్ అయ్యి వెబ్ ఆప్షన్లు పెట్టుకోబోయే తమ్ముళ్లు, చెల్లెళ్లు, బీటెక్ ఆఖరి ఏడాదిలో ఉండి "తర్వాతేంటి" అని ఆలోచిస్తున్నవాళ్లు మాత్రం తప్పకుండా చివరిదాకా చదవండి.

కౌన్సెలింగ్ రోజులొస్తే మన గ్రూపుల్లో ఒక రకం లిస్టు తిరుగుతుంది. ఏ ఇంజనీరింగ్ యూనివర్సిటీలో పరిశోధకుల పేపర్లకి ప్రపంచంలో ఎంత విలువుందో లెక్కగట్టి, దాన్నిబట్టి వరసగా నంబర్లు వేసిన లిస్టు అది. దాని కింద రెండు రకాల మాటలొస్తాయి. కొందరు "పైనున్నదే పెట్టుకో తమ్ముడూ, ఇంకేం చూడకు" అంటారు. ఇంకొందరు "ఇవన్నీ డబ్బులిచ్చి కొనుక్కునే ర్యాంకులు, నమ్మకండి" అని కొట్టిపారేస్తారు.

రెండు మాటలూ మనకి పనికిరావని నా అభిప్రాయం. ఆ లిస్టు అబద్ధం కాదు. కానీ అది జవాబు చెప్పేది వేరే ప్రశ్నకి. బీటెక్ సీటు ఎంచుకునేవాడి ప్రశ్న అది కాదు, పరిశోధన చేయాలనుకునేవాడి ప్రశ్న. ఇంకో ముఖ్యమైన సంగతి ఏంటంటే, ఆ లెక్కలో "పరిశోధకుడు" అనే మాట ఉంది గానీ ఆ పరిశోధకుల్లో మనవాళ్లు ఎంతమంది అనే గడి ఎక్కడా లేదు. మనం పట్టుకోవాల్సింది అక్కడ.

అసలు ఏం లెక్కపెడతారు?

ఒక ప్రొఫెసరు గారు ఒక పేపరు రాస్తారు. అది చదివిన ఇంకో పరిశోధకుడు తన పేపర్లో "ఈ సంగతి ఫలానావాళ్లు తేల్చారు" అని పేరు చెప్తాడు. దాన్ని సైటేషన్ అంటారు. ఒక పేపరు పేరు ఎంత ఎక్కువమంది చెప్తే దాని ప్రభావం అంత ఎక్కువ అని లెక్క. అమెరికాలో యూజీన్ గార్ఫీల్డ్ 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ మొదలుపెట్టినప్పుడు దాని మొదటి పని ర్యాంకులివ్వడం కాదు. ఒక పేపరు దొరికినవాడికి దానికి సంబంధించిన మిగతా పేపర్లు తేలిగ్గా దొరకాలన్నదే దాని ఉద్దేశం. తర్వాత్తర్వాత అది మనుషుల్ని, సంస్థల్ని తూచే తక్కెడ అయింది.

2005లో జార్జ్ హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసరు హెచ్-ఇండెక్స్ అనే లెక్క చెప్పారు. మీ పేపర్లలో పది పేపర్లకి ఒక్కోదానికి కనీసం పది సైటేషన్లుంటే మీ హెచ్-ఇండెక్స్ 10. జన్మలో ఒక్కటే పేపరు రాసి దానికి 500 సైటేషన్లు వచ్చినా ఆ మనిషి హెచ్-ఇండెక్స్ 1 మాత్రమే. ఇది చూస్తేనే తెలుస్తుంది, ఒక్క నంబరుతో మనిషిని కొలిస్తే ఏమవుతుందో.

యూనివర్సిటీలకి ప్రపంచ స్థాయిలో వరస నంబర్లు వేయడం 2003లో షాంఘై ర్యాంకింగుతో ఊపందుకుంది. మన దేశంలో కేంద్ర ప్రభుత్వం 2015 సెప్టెంబర్‌లో ఎన్ఐఆర్ఎఫ్ పెట్టింది, 2016లో మొదటి ర్యాంకులు వచ్చాయి. ఇంజనీరింగ్ విభాగంలో అప్పటి నుంచి మొదటి స్థానం ఐఐటీ మద్రాసుదే. 2019 నుంచి స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జాన్ అయొనిడిస్ బృందం తయారుచేసే "టాప్ 2 శాతం శాస్త్రవేత్తలు" లిస్టు కూడా వస్తోంది. పేపర్ల జిల్లా పేజీల్లో "మన ప్రొఫెసర్‌కి ప్రపంచ గుర్తింపు" అని వచ్చే వార్తల్లో చాలావరకు దాని గురించే.

కొట్టిపారేయకండి

ర్యాంకులన్నీ బూటకం అనేవాళ్లకి ఒక మాట. ఐఐటీ హైదరాబాద్ మొదలైంది 2008లో. ఇంత తక్కువ కాలంలో అది దేశంలో తొలి పది ఇంజనీరింగ్ సంస్థల్లో చేరిందంటే అక్కడ ల్యాబులున్నాయి, ప్రాజెక్టులకి డబ్బులొస్తున్నాయి, పీహెచ్‌డీ చేసేవాళ్లున్నారు అని అర్థం. పరిశోధన బాగా జరిగేచోట కొత్త పరికరాలుంటాయి, స్టైపెండ్లు నెలనెలా వస్తాయి, బయటి దేశాలవాళ్లతో కలిసి పనిచేసే వీలుంటుంది. ఎంటెక్, పీహెచ్‌డీ చేద్దామనుకునే మన పిల్లలకి ఇది చాలా పెద్ద విషయం. "ర్యాంకులు మనకెందుకులే" అని ముఖం తిప్పుకుంటే, ఆ ల్యాబుల్లో సీటు కూడా మనకెందుకులే అన్నట్టే.

అలాగని నంబరు చూసి దణ్ణం పెట్టక్కర్లేదు. దూరపు కొండలు నునుపు అంటారు. కొండల్లో పుట్టినోళ్లం, ఆ సామెత అర్థం మనకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. దగ్గరకెళ్లి చూస్తే ఈ ర్యాంకుల కొండ మీద రాళ్లెన్నో, లోయలెన్నో కనిపిస్తాయి. మూడు చెప్తాను.

ఒకటి, కొలబద్ద మారితే వరస మారిపోతుంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీనే తీసుకోండి. 1998లో పెట్టిన చిన్న సంస్థ, ప్రధానంగా కంప్యూటర్లు, ఎలక్ట్రానిక్స్. ఎన్ఐఆర్ఎఫ్ ఇంజనీరింగ్ లిస్టులో అది చాలా ఐఐటీల కంటే, ఎన్ఐటీల కంటే కిందుంటుంది. అదే సీఎస్‌ర్యాంకింగ్స్ అని ఇంకో లెక్క ఉంది. అది సైటేషన్లు చూడదు, కంప్యూటర్ సైన్సులో పేరున్న పెద్ద సదస్సుల్లో ఎవరి పేపర్లు ఎన్ని వచ్చాయో చూస్తుంది. ఆ లెక్కలో అదే ట్రిపుల్ ఐటీ దేశంలో మొదటి వరసలోకొస్తుంది. సంస్థ ఒక్కటే, తక్కెడ మారింది.

రెండు, అన్ని బ్రాంచీలకీ సైటేషన్లు ఒకేలా రావు. నానో మెటీరియల్స్ మీద, ఏఐ మీద రాసేవాళ్లు ప్రపంచమంతా ఉంటారు, ఒకరి పేరు ఒకరు చెప్పుకుంటారు. గోదావరి వాగుల మీద తక్కువ ఖర్చుతో నడక వంతెన ఎలా కట్టాలి అని సివిల్ ప్రొఫెసరు పదేళ్లు పనిచేస్తే దాన్ని సైట్ చేసేవాళ్లు దేశంలో పదిమంది కూడా ఉండకపోవచ్చు. ఆ వంతెన మీద నడిచేవాళ్లు సైటేషన్లు ఇవ్వలేరు కదా.

మూడు, లెక్క పెడతారని తెలిస్తే లెక్క కోసమే పనిచేసేవాళ్లు పుట్టుకొస్తారు. ఒకరి పేపర్లు ఒకరు ఉదహరించుకోవడం, ఒక పరిశోధనని నాలుగు ముక్కలు చేసి నాలుగు పేపర్లు వేసుకోవడం, డబ్బులిచ్చి పేపర్లు రాయించుకోవడం ప్రపంచమంతా జరుగుతున్నవే. 2023లో స్పెయిన్‌లో చాలా ఎక్కువ సైటేషన్లున్న ఒక రసాయన శాస్త్రవేత్తని సొంత యూనివర్సిటీ జీతం లేకుండా 13 ఏళ్లు సస్పెండ్ చేసింది. కారణం, అక్కడ ఫుల్ టైమ్ ఉద్యోగం చేస్తూ బయటి దేశాల సంస్థల పేర్లతో పేపర్లు వేయడం. ఆయన పేరు ఏ సంస్థ ఖాతాలో పడితే ఆ సంస్థ ర్యాంకు పెరుగుతుంది మరి. మన ఎన్ఐఆర్ఎఫ్ కూడా 2025 ర్యాంకుల్లో, తప్పులు బయటపడి వెనక్కి తీసుకున్న పేపర్లకి మార్కులు కోయడం మొదలుపెట్టింది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను. కొలతని మార్చొచ్చు అనడానికి ఇదే సాక్ష్యం.

బీటెక్‌కి వెళ్లే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి

మన తుని స్టేషన్లో రైలెక్కితే ఒకవైపు విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ. ఇంకోవైపు సామర్లకోటలో దిగితే పక్కనే కాకినాడ జేఎన్‌టీయూ, 1946లో పుట్టిన కాలేజీ అది. అదే లైనులో ఇంకా ముందుకెళ్తే తాడేపల్లిగూడెంలో 2015లో వచ్చిన ఎన్ఐటీ. మధ్యలో లెక్కలేనన్ని ప్రైవేటు కాలేజీలు, వాటి ఫ్లెక్సీలు. రాజవొమ్మంగి నుంచో, అడ్డతీగల నుంచో, వై.రామవరం నుంచో దిగొచ్చిన పిల్లోడు ఆ ఫ్లెక్సీల మీద "పరిశోధనలో నంబర్ వన్" అని చూసి ఆప్షన్ పెట్టేస్తే ఏమవుతుంది?

బీటెక్ మొదటి ఏడాది మీకు మ్యాథ్స్ చెప్పేది పెద్ద హెచ్-ఇండెక్స్ ఉన్న ప్రొఫెసరు గారే అని ఎవరూ హామీ ఇవ్వరు. ఆశ్రమ పాఠశాలలో తెలుగు మీడియంలో చదివి ఒక్కసారిగా ఇంగ్లీషు లెక్చర్లలో కూర్చునే పిల్లకి కావాల్సింది వేరు. ఫస్ట్ ఇయర్లో బ్యాక్‌లాగులు పడినప్పుడు సాయంత్రం కూర్చోబెట్టి చెప్పేవాళ్లున్నారా? హాస్టల్ క్యాంపస్‌లో ఉందా, నాలుగు కిలోమీటర్ల దూరంలోనా? ఎస్సీ ఎస్టీ సెల్ అని బోర్డే ఉందా, లోపల మనిషి కూడా ఉన్నాడా? మనవాళ్లు సీనియర్లు ఎంతమంది చేరారు, అందులో ఎంతమంది నాలుగేళ్లలో పాసై బయటికొచ్చారు? ఇవి మీ ప్రశ్నలు. సైటేషన్ల లిస్టు వీటికి జవాబు చెప్పదు.

ఇంకో సంగతి. ఐఐటీల్లో, ఎన్ఐటీల్లో బీటెక్ చదివే ఎస్టీ విద్యార్థులకి ట్యూషన్ ఫీజు పూర్తిగా మినహాయింపు. కేంద్ర సంస్థల్లో మనకి 7.5 శాతం సీట్లు, మన రాష్ట్ర కన్వీనర్ కోటాలో 6 శాతం. "అంత పెద్ద కాలేజీ ఫీజు మనవల్ల కాదులే" అని జేఈఈ రాయకుండా మానేసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అమ్మానాన్నలకి ఈ ముక్క మీరే చెప్పండి.

వందలో రెండు మార్కులు

ఇప్పుడు ఎన్ఐఆర్ఎఫ్ మార్కులు ఎలా వేస్తుందో చూడండి. ఇంజనీరింగ్ సంస్థలకి వందలో బోధన, వనరులకి 30, పరిశోధనకి 30, చదువు పూర్తిచేసినవాళ్ల ఫలితాలకి 20, అందరినీ కలుపుకుపోవడానికి 10, బయట ఉన్న పేరుకి 10.

ఆ కలుపుకుపోవడం అనే 10 మార్కుల్లో మళ్లీ వాటాలున్నాయి. వేరే రాష్ట్రాల, దేశాల నుంచి వచ్చినవాళ్లకి 30 శాతం, మహిళలకి 30 శాతం, వికలాంగుల సౌకర్యాలకి 20 శాతం, ఆర్థికంగా సామాజికంగా వెనకబడిన విద్యార్థులకి 20 శాతం. పదిలో 20 శాతం అంటే రెండు. అంటే మొత్తం వంద మార్కుల్లో మనలాంటివాళ్లందరికీ కలిపి రెండు మార్కులు. ఆ రెండు కూడా పూర్తి ట్యూషన్ ఫీజు రీయింబర్స్‌మెంట్ పొందే యూజీ విద్యార్థుల శాతాన్నిబట్టి వేస్తారు. వాళ్లు పాసయ్యారా, మధ్యలో మానేశారా అనేది ఆ రెండు మార్కుల లెక్కలో లేదు.

ఒకవైపు పరిశోధనకి 30, ఒకవైపు వెనకబడినవాళ్లకి 2. ఒక కాలేజీ యాజమాన్యం స్థానంలో మిమ్మల్ని పెట్టుకుని ఆలోచించండి. ర్యాంకు పెంచుకోవాలంటే పేపర్లు ఎక్కువ రాసే ప్రొఫెసర్ని తెచ్చుకుంటారా, ఏజెన్సీ పిల్లల కోసం సాయంత్రం క్లాసులు పెడతారా? వాళ్లని తిట్టి లాభం లేదు. దేనికి మార్కులుంటే దాన్నే చదవడం మనం కూడా చేసేదే.

ఇంకా లోపలికెళ్దాం. ఎన్ఐఆర్ఎఫ్‌లో పాల్గొనే ప్రతి సంస్థా తాను పంపిన వివరాలు సొంత వెబ్‌సైటులో పెట్టాలి. ఏ కాలేజీ సైటైనా తీసి ఎన్ఐఆర్ఎఫ్ అనే లింకు నొక్కండి, పీడీఎఫ్ వస్తుంది. అందులో విద్యార్థుల పట్టికలో "సోషల్లీ చాలెంజ్డ్" అని ఒక గడి ఉంటుంది. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ ముగ్గురినీ కలిపి ఒకే అంకె. ఆ అంకె వెయ్యి అని ఉంటే అందులో ఎస్టీలు అరవైమందా, ఆరుగురా తెలియదు. ఎస్టీలు ఒక్కరూ లేకపోయినా ఆ గడి నిండుగానే కనిపిస్తుంది.

అదే పీడీఎఫ్‌లో పీహెచ్‌డీ పట్టిక చూడండి. ఫుల్ టైమ్ ఎంతమంది, పార్ట్ టైమ్ ఎంతమంది, ఎంతమంది డాక్టరేట్ పూర్తిచేశారు. అంతే. అక్కడ ఆ కలిపేసిన గడి కూడా లేదు. అంటే పరిశోధకులని బట్టి ర్యాంకులిచ్చే దేశంలో, ఆ పరిశోధకులు ఏ ఇళ్ల నుంచి వచ్చారో ర్యాంకు కాగితం అడగనే అడగదు.

పరిశోధకుల్లో మనమెక్కడ?

కేంద్ర విద్యాశాఖ వేరేగా ఏటా ఒక సర్వే చేస్తుంది, దాన్ని ఏఐఎస్‌హెచ్ఈ అంటారు. 2021-22 సర్వే ప్రకారం దేశంలో ఉన్నత చదువుల్లో ఉన్న 4.33 కోట్లమందిలో ఎస్టీలు దాదాపు 27 లక్షలు. కాలేజీ వయసు పిల్లల్లో చదువుతున్నవాళ్ల నిష్పత్తి దేశం మొత్తంమీద 28.4 అయితే మనది 21.2. కాలేజీ, యూనివర్సిటీ టీచర్లలో మనవాళ్లు వందకి ఇద్దరు ముగ్గురే. 2011 జనాభా లెక్కల్లో మనం దేశంలో 8.6 శాతం. మెట్టు ఎక్కేకొద్దీ మనం పలచబడిపోతున్నాం. పైమెట్టు మీద, అంటే పేపర్లు రాసి సైటేషన్లు తెచ్చుకునేచోట, వెతికితే గానీ కనబడం.

దానికి కారణాలు మనకి తెలియనివి కావు. బీటెక్ అవ్వగానే ఇంట్లో అప్పు ఎదురుచూస్తుంటుంది. తమ్ముడి చదువు, చెల్లి పెళ్లి. ఇంకో ఐదేళ్లు పీహెచ్‌డీ అంటే నాన్న ముఖం చూడలేం. దానికి తోడు మధ్యలో మెట్లు తీసేసిన సందర్భాలున్నాయి. 2020 డిసెంబర్‌లో వచ్చిన జీవో 77 మన రాష్ట్రంలో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపేసింది. దాన్ని రద్దు చేయాలని విద్యార్థి సంఘాలు ఏళ్ల తరబడి రోడ్డెక్కాయి. పీజీ లేకుండా మన పిల్లల్లో పీహెచ్‌డీ దాకా వెళ్లేదెంతమంది? కింద మెట్టు తీసేసి, పైన కనబడట్లేదేంటి అని అడగడం న్యాయం కాదు.

మనవాళ్లు లేకపోతే ఏం పోయింది?

ఇది సీట్ల లెక్క మాత్రమే కాదు. ల్యాబులో ఎవరు కూర్చుంటే వాళ్లకి తెలిసిన కష్టమే పరిశోధన అవుతుంది.

తపసి జిగురు సంగతి చూడండి. మన మన్యంలో తపసి చెట్టుకి గాటు పెట్టి జిగురు తీసి జీసీసీకి అమ్మడం తాతల నాటి పని. లోతుగా, అడ్డదిడ్డంగా నరికితే చెట్టు చచ్చిపోయేది, జిగురుకి రంగు, శుభ్రత లేక రేటు వచ్చేది కాదు. 1990లలో జీసీసీ, కోవెల్ ఫౌండేషన్ కలిసి చెట్టు బతికేలా చిన్న గాటు పెట్టి, శుభ్రంగా తీసి ఆరబెట్టే పద్ధతిని గిరిజనులకి నేర్పాయి. చెట్టూ మిగిలింది, ధరా పెరిగింది. దానికి ఎన్ని సైటేషన్లు వచ్చాయో నేను లెక్కపెట్టను. ఎన్ని పొయ్యిలు వెలిగాయో మన పెద్దవాళ్లు చెప్తారు.

హైదరాబాద్ డీఆర్‌డీఎల్‌లో అబ్దుల్ కలాం బృందం క్షిపణుల కోసం వాడిన తేలికపాటి మెటీరియల్‌తో పోలియో పిల్లలకి కాలిపర్లు చేసింది. నిమ్స్ ఆసుపత్రిలో పిల్లలు కిలోల బరువు ఇనుము మోస్తుంటే చూసి చేసిన పని అది. బరువు కొన్ని వందల గ్రాములకి దిగింది. అక్కడ గొప్ప విషయం మెటీరియల్ ఒక్కటే కాదు. ఆ పిల్లల కాళ్లు ఒక ఇంజనీరు కంట పడటం.

పెద్ద ర్యాంకు ఉన్నచోట ఇలాంటి పని జరగదు అనుకోకండి. బెంగళూరు ఐఐఎస్‌సీలో 1974లోనే అమూల్య రెడ్డి గారు పల్లెల కోసం ఆస్ట్రా అనే కేంద్రం పెట్టారు, పొగ తక్కువ వచ్చే పొయ్యిలు, తక్కువ ఖర్చు ఇళ్లు దాని పనులు. ఐఐటీ బొంబాయిలో 1985 నుంచి పల్లెల సాంకేతికత కోసం సితారా అనే విభాగం ఉంది. అంటే సైటేషన్లూ, సామాన్యుడి పనీ రెండూ ఒకే గేటు లోపల ఉండొచ్చు.

మరి మన పని ఎవరు చేస్తారు? వానాకాలం వాగు పొంగితే గర్భిణిని డోలీలో మోసుకెళ్లే దారి మీద తక్కువ ఖర్చు వంతెన. పచ్చి జీడిపిక్కలు దళారికి ఇచ్చేయకుండా ఊళ్లోనే కాల్చి ఒలిచే చిన్న యంత్రం, చేతులు కాలకుండా. అడ్డాకులు, చింతపండు, కొండచీపుర్లు వానలో బూజు పట్టకుండా ఆరబెట్టే సోలార్ గది. కొండ మడతల్లో ఫోన్ సిగ్నల్. కొండరెడ్ల తెలుగు యాస, కోయ భాష అర్థం చేసుకునే ఆరోగ్య యాప్. వీటిలో ఏదీ చిన్న ఇంజనీరింగ్ కాదు. కాకపోతే వీటిని తలనొప్పిగా భరించినవాళ్లు ల్యాబులో లేరు, అందుకే వీటి మీద రావాల్సినన్ని థీసిస్‌లు రాలేదు.

"ర్యాంకుల్లో కులం, తెగ ఎందుకు?" అనేవాళ్లకి

ఈ మాట ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, అందుకే ముందే చెప్తున్నాను. పరిశోధన అంటే ప్రతిభ, అందులో ఈ గడులేంటి, స్థాయి తగ్గిపోదా అంటారు.

మొదటిది, ర్యాంకుల్లో ఇప్పటికే మహిళలకి వేరే గడి ఉంది, వేరే రాష్ట్రాలవాళ్లకి వేరే గడి ఉంది. దానివల్ల ఐఐటీ మద్రాసు స్థాయి ఏం తగ్గలేదు. మనం అడిగేది కొత్త రకం దయ కాదు, ఉన్న పట్టికలో ఒక నిలువు గీత. రెండోది, గడి పెట్టడం అంటే మార్కులు దానం చేయడం కాదు. ఉన్నది కనబడేలా చేయడం. కనబడనిదాన్ని ఎవరూ సరిచేయరు. మూడోది, వెనక్కి తీసుకున్న పేపర్లకి మార్కులు కోయాలని అనుకున్నప్పుడు కొలత మార్చారు కదా. అంటే ఇది దేవుడు రాసిన రాత కాదు, మనుషులు వేసిన పట్టిక. మనుషులు మార్చగలరు.

మనవాళ్లలోనే ఇంకో మాట కూడా ఉంది. "ముందు ఉద్యోగం రానీ, పరిశోధన డబ్బున్నోళ్ల పని" అని. ఉద్యోగం చేసుకునేవాళ్లని నేను తప్పు పట్టను, ఇల్లు నిలబడాలి. కానీ అందరం అదే అనుకుంటే ప్రొఫెసర్ పోస్టుల్లో మన రోస్టర్ పాయింట్లు "అర్హులు దొరకలేదు" అనే కాగితంతో ఖాళీగానే ఉంటాయి. పది మందిలో ఒక్కరైనా ఆ దారిలో వెళ్లాలి, మిగతా తొమ్మిదిమంది ఆ ఒక్కరికి అండగా ఉండాలి.

ఇక చేయాల్సిన పనులు

ఇంటర్ అయినవాళ్లు: సైటేషన్ల లిస్టు పక్కన పెట్టండి. కాలేజీ ఎన్ఐఆర్ఎఫ్ పీడీఎఫ్ తీసి ఎంతమంది చేరారు, ఎంతమంది నిర్ణీత కాలంలో పాసయ్యారు, ప్లేస్‌మెంట్లలో మధ్యస్థ జీతం ఎంత అనే మూడు గడులు చూడండి. తర్వాత అక్కడ చదివే మన సీనియర్‌కి ఒక ఫోన్ కొట్టండి. ఫ్లెక్సీ మాట కంటే ఆ ఫోన్ మాట నమ్మండి.

బీటెక్ మూడు, నాలుగు సంవత్సరాలవాళ్లు: గేట్ రాయండి. ఎస్టీలకి ఫీజు సగం, అర్హత మార్కు జనరల్ వాళ్లదాంట్లో మూడింట రెండు వంతులు. గేట్ స్కోరుతో ఎంటెక్‌లో చేరితే నెలకి 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. పీహెచ్‌డీకి గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ నేషనల్ ఫెలోషిప్ ఏడాదికి 750 మందికి ఇస్తుంది, అవి ఎస్టీలకే. యూజీసీ 2022 నిబంధనల్లో పీహెచ్‌డీ అర్హతకి మనకి 5 శాతం మార్కుల సడలింపు ఉంది. థీసిస్ ఇచ్చేముందు జర్నల్లో పేపరు తప్పనిసరి అనే పాత షరతు కూడా అందులో తీసేశారు.

సైటేషన్ల లిస్టు మీకు పనికొచ్చేది ఇక్కడే. కానీ యూనివర్సిటీ నంబరు చూడకండి, గైడ్‌ని చూడండి. ఆయన గత ఐదేళ్లలో ఏ పని చేశారు, ఆయన దగ్గర చేరినవాళ్లు ఎన్నేళ్లకి పూర్తిచేశారు, మధ్యలో వదిలేసినవాళ్లెందరు, ఇప్పుడెక్కడున్నారు. పెద్ద సంస్థలో పట్టించుకోని గైడ్ కంటే, కాకినాడలోనో విశాఖలోనో వారం వారం కూర్చుని దిద్దే గైడ్ మేలు.

సంఘంగా మనం: కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీలకి పది రూపాయలతో ఆర్టీఐ వేయొచ్చు. నాలుగే ప్రశ్నలు. గత ఐదేళ్లలో ఇంజనీరింగ్ విభాగాల్లో పీహెచ్‌డీలో చేరిన ఎస్టీలు ఎంతమంది, విభాగాలవారీగా? ఎస్టీలకి ఉండాల్సిన సీట్లెన్ని, ఖాళీగా వదిలేసినవి ఎన్ని? పూర్తిచేసినవాళ్లెందరు, మధ్యలో ఆగిపోయినవాళ్లెందరు? ఎస్టీ అధ్యాపక పోస్టులు మంజూరైనవెన్ని, నింపినవెన్ని? కేంద్ర సంస్థల్లో టీచర్ పోస్టుల రిజర్వేషన్‌కి 2019లో చట్టమే ఉంది కాబట్టి ఆఖరి ప్రశ్నకి "మాకు వర్తించదు" అని తేలిగ్గా తప్పించుకోలేరు.

వచ్చిన జవాబులన్నీ ఒక పట్టికలో పెడదాం. ఎస్టీ పరిశోధకుల్ని చేర్చుకుని, చివరిదాకా చదివించి పంపిన సంస్థకి మొదటి ర్యాంకు. అది మన ర్యాంకింగ్. దాంతో పాటు ఎన్ఐఆర్ఎఫ్‌కి ఒకే ఒక్క డిమాండ్ పంపుదాం: కలిపేసిన ఆ గడిని విడదీయండి, ఎస్టీకి వేరే గడి పెట్టండి, విద్యార్థుల పట్టికలోనూ, పీహెచ్‌డీ పట్టికలోనూ.

ఆర్టీఐ దరఖాస్తు రాయడం తెలిసినవాళ్లు, ఎంటెక్, పీహెచ్‌డీ చేస్తున్న అన్నలు, అక్కలు ముందుకి రండి. ఒక్కొక్కరు ఒక్కో యూనివర్సిటీ పంచుకుంటే నెల రోజుల్లో దరఖాస్తులన్నీ వెళ్లిపోతాయి. ఏయూ, కాకినాడ జేఎన్‌టీయూ, తాడేపల్లిగూడెం ఎన్ఐటీతో మొదలుపెడదాం. ఎవరు ఏది తీసుకుంటారో ఈ పోస్టు కిందే పేరు రాయండి.

జై ఆదివాసీ.